డొరోథియా డిక్స్ గురించి పిల్లలకు చెప్పాలి, రెండు మాటల దగ్గర ఆగిపోయాను

అందరికీ నమస్కారం. సోమవారం మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు, మతిస్థిమితం లేనివాళ్ల కోసం పోరాడిన అమెరికా ఆవిడ డొరోథియా డిక్స్ గురించి చెప్పాలి. విషయం ఉంది, తెలుగు మాటలే కుదరట్లేదు.

1841లో ఆవిడ మసాచుసెట్స్‌లోని ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైలుకు ఆడ ఖైదీలకు బైబిల్ పాఠం చెప్పడానికి వెళ్లారు. ఏ నేరం చేయని మతిస్థిమితం లేనివాళ్లనూ అక్కడే, చలికాలంలో పొయ్యి కూడా లేని గదుల్లో పడేశారు. తర్వాత ఊరూరా జైళ్లు, బీదల సత్రాలు తిరిగి, బోనుల్లో, నేలమాళిగల్లో గొలుసులతో ఉన్నవాళ్లను చూసి రాసుకున్నారు. 1843లో శాసనసభకు ఇచ్చిన ‘మెమోరియల్’ అదే. దాన్ని ఏమనాలి? ‘అర్జీ’ అంటే రేషన్ కార్డు కోసం పెట్టినట్టుంది. ‘మహజరు’ బాగుంది గానీ పిల్లలకు తెలియదు.

రెండోది ‘అసైలమ్’. ‘పిచ్చాసుపత్రి’ అంటే క్లాసంతా నవ్వుతుంది, ఖాయం. ‘మానసిక వైద్యశాల’ అంటే మొన్న కట్టినట్టుంటుంది.

ఇంకొకటి. ఆవిడ పట్టుబట్టగా, ఇలాంటి ఆసుపత్రుల ఖర్చుకు కోటి ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమి ఇచ్చే బిల్లు 1854లో అమెరికా కాంగ్రెస్ రెండు సభల్లోనూ నెగ్గింది. అది రాష్ట్రాల బాధ్యత అంటూ అధ్యక్షుడు పియర్స్ వీటో చేశాడు. ఈ ముక్క పిల్లలకు విసుగు రాకుండా ఎలా చెప్తారు? టీచర్లెవరైనా ఉంటే చెప్పండి.