సెస్క్విపెడేలియన్‌లో ఆ 'ఒకటి' ఏమైంది?

అరసున్న: రోమన్ కవి హొరేస్ పంక్తి ఒకటి పొద్దున్నుంచి నోట్లో నానుతోంది. '... అంపుల్లాస్ ఎత్ సెస్క్విపెదాలియా వెర్బా'. మొదటి మాట అందడం లేదు. సెస్క్విపెదాలియా వెర్బా అంటే అడుగున్నర మాటలు, మరీ పొడుగైనవని; ఇంగ్లీషు సెస్క్విపెడేలియన్ అందులోదే. అసలు పేచీ ఒకటిన్నర అని చెప్పే సెస్క్వితో. సెమిస్ అంటే సగం, క్వె అంటే 'కూడా'. సగం వచ్చింది, కూడా వచ్చింది. ఒకటిన్నరలో ఒకటి ఏదీ?

పాతబీరువా: 'ప్రోయికిత్'. పారేస్తాడు అని. పెద్ద మాటల్ని ఎగతాళి చేశాడని ఈ పంక్తి చూపిస్తారు గానీ, సందర్భం నాటకం. దేశం వదిలి దరిద్రంలో పడ్డ గ్రీకు నాటక వీరులు టెలిఫస్, పీలియస్ చూసేవాళ్ల గుండె తాకాలంటే బుడ్లనూ పొడుగు మాటలనూ వదిలేస్తారట. అంపుల్లా అంటే బుడ్డి. ఇంజెక్షన్ మందు ఆంప్యూల్ దాని సంతతే.

చకారం: క్వె మన సంస్కృతం 'చ'కి తోబుట్టువు. రెండూ మాట వెనకే నిలబడతాయి. ఇక సార్ధశతం అంటే 150, సగంతో కూడిన నూరు. అక్కడ మీరు ఒకటి అడగలేదే? పెదాలియాలో ఉన్న పాదమే, అంటే అడుగే, మీ ఒకటి.

అరసున్న: రోమన్ వక్త సిసిరో సెస్క్విని ఒంటరిగా వాడాడండీ, ఛందోగణాల కొలతలు చెబుతూనే. అక్కడ పక్కన పాదమూ లేదు, శతమూ లేదు.

మూరకోల: ఇంత గొడవెందుకు? అడుగున్నర అంటే మూర. రోమన్ల క్యుబిటస్ కూడా అడుగున్నరే. 'మూరెడు మాటలు' అనేస్తే సరి.

భగణం: మూరెడు బాగుంది. కానీ ఆ లాటిన్ మాటని ఎవరైనా గణించారా? సెస్‌క్విపె, దాలియా. రెండు భగణాలు! పేరుకి ఒకటిన్నర, ఆక్రమించింది రెండు. హొరేస్ చూసుకోకుండా చేశాడంటే నేను నమ్మను.

పాతబీరువా: ఛందస్సులో లాటిన్ పెస్ (అడుగు) అంటే మన గణం, మన పద్యపాదం కాదు. మన పాదాల లెక్కన అయితే పెద్దన హిమాలయం పద్యం చూడండి. 'అంబరచుంబి' దగ్గర ఎక్కిన సమాసం మూడో పాదం చివర 'జాలమున్' దగ్గర గానీ దిగదు. రెండున్నర! హొరేస్ గారు కాస్త పక్కకి జరగాలి.

చకారం: జరగడు. హొరేస్ అదే కావ్యంలో కొండలు నొప్పులు పడి ఎలకని కంటాయి చూడండి, పంక్తి చివర 'ముస్' అని ఒక్క అక్షరం. కొండంత పంక్తికి ఎలకంత తోక. కొండని తవ్వి ఎలకని పట్టడం మనకీ ఉంది గానీ, ఆ తోక లేదు.

భగణం: ముస్, మూషికం చుట్టాలే కదా?

చకారం: దగ్గరి చుట్టాలు.

అరసున్న: ఎలక దొరికింది, సంతోషం. నా ఒకటి?