దూరం పోయేకొద్దీ బిగుసుకుపోతున్న వెనక బ్రేకు: లోపం ఎక్కడుంది?

మధురవాడ_160:
నా 160 సీసీ మోటార్‌సైకిల్‌కు వెనక కూడా డిస్కు బ్రేకే. రోజూ విశాఖలో మధురవాడ నుంచి గాజువాక ఆటోనగర్‌కు హైవే మీదుగా వెళ్లివస్తుంటాను. మూడు వారాలుగా, ఇల్లు కదిలేటప్పుడు తేలిగ్గా ఉండే బండి, ఎండాడ, హనుమంతవాక దాటి మద్దిలపాలెం సిగ్నళ్లకు వచ్చేసరికి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బరువెక్కుతోంది. ఎన్ఏడీ కూడలి దగ్గరకు చేరేసరికి పెడల్ రాయిలా గట్టిపడి కిందికి దిగదు. మొన్న అక్కడే ఆపి డిస్కు మీద నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోయాయి. అరగంట టీకొట్టు దగ్గర కూర్చుని వచ్చి చూస్తే చక్రం మామూలుగానే తిరిగింది. నెల కిందటే వెనక ప్యాడ్లు మార్పించాను. ఇప్పుడు చూపించిన చోట పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ రెండూ మార్చాలంటున్నారు. అంత డబ్బు పోసే ముందు లోపం ఏ వైపు ఉందో తేల్చుకునే మార్గం ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

రుషికొండ_గాలి:
మన ఊరి ఉప్పుగాలిని మొదట అనుమానించండి. నా బండి బీచ్ రోడ్డు పక్కన ఆరుబయటే ఉంటుంది కాబట్టి, కాలిపర్ జరిగే పిన్నులు రబ్బరు తొడుగుల లోపలే తుప్పు పట్టి ఒకసారి పూర్తిగా పట్టేశాయి. రెండు ప్యాడ్లూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి అరిగిపోయి రెండోది కొత్తదానిలా ఉంటే పిన్నులు కదలడం లేదన్నమాట. శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజు రాస్తే సరిపోతుంది.

పాత_స్పానర్:
పిన్నుల సంగతి నిజమే గానీ, అవి పట్టేసిన బండి పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా ఎంతోకొంత రాసుకుంటూనే ఉంటుంది. చల్లగా ఉంటే వదిలేసి, వేడెక్కాక పట్టుకుని, చల్లారాక మళ్లీ వదిలే బ్రేకును చూస్తే, బ్రేకు ఆయిల్ గొట్టంలో ఒత్తిడి చిక్కుకుపోతోందని అనుమానం వస్తుంది. పెడల్ వదిలినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే, ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే సూది బెజ్జం తెరుచుకుంటుంది. పెడల్‌ను పిస్టన్‌కు కలిపే పుష్ రాడ్ దాన్ని ఒక్క మిల్లీమీటరు ముందుకు నొక్కి ఉంచినా ఆ బెజ్జం మూసుకుపోవచ్చు. అప్పుడు వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కు పోయే దారి లేక ప్యాడ్లను ఇంకా నొక్కుతుంది, ఆ రాపిడికి వేడి ఇంకా పెరుగుతుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనికి సరిపోతున్నాయి.

పరీక్ష ఇది. ఈసారి బండి బరువెక్కగానే సురక్షితమైన చోట ఆపి, కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్‌కు సన్నని పైపు తొడిగి, పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం వెంటనే వదిలితే ఒత్తిడి చిక్కుకుందని అర్థం. ఆయిల్ వచ్చినా చక్రం వదలకపోతే కాలిపర్ పిస్టన్‌నో పిన్నులనో చూడాలి. ఆయిల్ బాగా కాగి ఉంటుంది కాబట్టి చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు ఉండాలి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. కాగిన డిస్కు మీద మాత్రం ఇంకెప్పుడూ నీళ్లు చల్లకండి, అది వంగితే మరో ఖర్చు.

ఒక ప్రశ్న. ప్యాడ్లతో పాటు పెడల్‌ను కూడా ఎవరైనా కదిపారా? నడిపేటప్పుడు మీ పాదం దాని మీద ఆనుకుని ఉంటోందా?

మధురవాడ_160:
ఇది అవసరమవుతుందని తోచక మొదట రాయలేదు. కొత్త ఉద్యోగంలో ఇచ్చిన సేఫ్టీ బూట్ల ముందుభాగం లావుగా ఉండి పెడల్‌కు తగులుతుంటే, ప్యాడ్లు మార్చిన రోజే పెడల్‌ను కాస్త కిందికి దింపమని నేనే అడిగాను. ఈ రోజు నిపుల్ వదులు చేయగానే టీ డికాషన్ రంగులో ఆయిల్ చిమ్మింది, చక్రం వెంటనే వదిలింది. తర్వాత పుష్ రాడ్‌ను వేళ్లతో పట్టుకుని కదిపి చూస్తే అణువంత ఖాళీ కూడా లేదు.

పాత_స్పానర్:
దొరికింది. పెడల్‌ను ఆపే బోల్టును మాత్రమే తిప్పి దింపారు, దానికి తగ్గట్టు పుష్ రాడ్ పొడవు తగ్గించలేదు. రాడ్ కదలకుండా బిగించి ఉంచే లాక్ నట్ వదులు చేసి రాడ్‌ను పొట్టి చేయండి. పెడల్ నొక్కకముందు రాడ్ కొద్దిగా కదలాలి, ఎంతన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఆ తర్వాత కూడా పట్టేస్తే, మాస్టర్ సిలిండర్ దగ్గరి గొట్టం బోల్టును వదులు చేసి చూడండి. అక్కడ వదిలితే లోపం సిలిండర్‌ది. అక్కడ వదలక, నిపుల్ దగ్గర మాత్రమే వదిలితే గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోయినట్టు. కాబట్టి ఇప్పుడే ఏదీ కొనకండి.

ఆయిల్‌ను మాత్రం మొత్తం మార్చాల్సిందే. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు గానీ, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మన గాలిలో తేమకు కరువేముంది! డబ్బా మూత మీద రాసి ఉన్న రకమే, సీలు తీయనిదే పోయండి. ప్యాడ్లు అద్దంలా మెరుస్తుంటే మార్చేయండి, కాలిపర్ రబ్బరు సీలు దగ్గర చెమ్మ ఉందేమో చూడండి. ఇవన్నీ అయ్యేదాకా సింహాచలం ఘాట్ రోడ్డు వైపు వెళ్లవద్దు. మీది ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే, మలుపులో వెనక చక్రం బిగుసుకున్నప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు.

లాక్ నట్ బిగించేటప్పుడు రాడ్‌ను రెండో స్పానర్‌తో పట్టుకోండి. నట్టుతో పాటు అది కూడా తిరిగిందంటే, ఇప్పుడు ఇచ్చిన ఖాళీ మళ్లీ పోతుంది.