1525 జర్మనీ రైతుల తిరుగుబాటు: లూథర్ వైఖరి ఎందుకు మారింది?

జర్మనీ రైతుల తిరుగుబాటు గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు. 1525 మార్చిలో మెమ్మింగెన్ పట్టణంలో రూపొందిన పన్నెండు కోరికల పత్రంలో, తమ పాదిరిని తామే ఎన్నుకుంటామనీ, చర్చి పన్నుగా ధాన్యంలో పదో వంతు ఇస్తాం గానీ పశువుల మీద ఇవ్వబోమనీ, గొర్రెల కాపరి మొదలు అత్యున్నతుడి దాకా అందరినీ క్రీస్తు తన రక్తంతో విడిపించాడు కనుక తాము ఎవరి సొత్తూ కామనీ రైతులు రాశారు. ఈ చివరి మాట దగ్గర నా మనసు చలించింది. మరి ఏప్రిల్‌లో ప్రభువులను కూడా గట్టిగా మందలించిన క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్, మే నెలకల్లా తిరుగుబాటుదారులను చంపమని ఎందుకు రాశారు? వైన్స్‌బర్గ్‌లో ప్రభువర్గీయులను రైతులు చంపడమే కారణమా, లేక ఆయన మత సంస్కరణోద్యమానికి, ఆయన నివసించే సాక్సనీ ప్రాంతపు పాలకుల అండ తప్పనిసరి కావడమా? రెండోదే బలమైన కారణమని నాకనిపిస్తోంది. అలాగే, ఫ్రాంకెన్‌హౌజెన్ యుద్ధంలో రైతులు ఓడిపోయిన తర్వాత పాదిరిని ఎన్నుకునే హక్కు ఏ గ్రామానికైనా మిగిలిందా?