జపాన్ వేసవి పండుగల్లో బండ్ల దగ్గర తినడం డబ్బు దండగేనా?

ప్రశ్న (టోక్యో నుంచి ఒక సభ్యుడు):
వేసవి పండుగల్లో వీధి పొడవునా వెలిసే తినుబండారాల బండ్ల దగ్గర తినడం వృథా ఖర్చని నా అభిప్రాయం. కన్వీనియెన్స్ స్టోర్‌లో ఇంతకంటే చౌకగా దొరికే యాకిసోబాకు (సాస్ వేసి వేయించిన నూడుల్స్‌కు) ఇక్కడ ఐదారు వందల యెన్‌లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే తీసుకుంటారు. ఊరేగింపు చూసి, ఇంటికి వెళ్లి తినడం మేలు కాదా?

సమాధానం (ఒసాకా నుంచి ఒక సభ్యురాలు):
ధర ఎక్కువన్న మాటను నేను కాదనను. అయితే జులై 24, 25 తేదీల్లో ఇక్కడ జరిగే తెంజిన్ మత్సురి పండుగకు వచ్చి, తకోయాకి బండి ముందు కాసేపు నిలబడి చూడండి. మన గుంతపొంగనాల పెనం లాంటి ఇనప పెనం మీద పలుచని పిండి పోసి, ప్రతి గుంతలో ఒక ఆక్టోపస్ ముక్క వేసి, అంచులు గట్టిపడగానే సన్నని పుల్లతో ఒక్కొక్కటే తిప్పుతూ గుండ్రంగా తీరుస్తారు. పైన చల్లిన ఎండుచేప రేకులు ఆ వేడికి కదులుతుండగానే తినాలి. పెట్టెలో చల్లారిన తకోయాకిలో ఆ రుచి ఉండదు. మనం డబ్బిచ్చేది ఆ వేడికీ, ఆ చేతి పనికీ. పైగా పండుగ ఉండే ఆ కొద్ది సాయంత్రాల్లోనే, వాన పడితే మునిగిపోయే బేరంతోనే, బండివారు తమ ఖర్చులన్నీ రాబట్టుకోవాలి. రంగునీళ్లు పోసిన మంచుపొడి విషయంలో మాత్రం మీ వాదనే సరైనది.

మరో సమాధానం (నగోయా నుంచి ఒక సభ్యుడు):
ధర కంటే ముందు చూడవలసినది శుభ్రత. 2014 జులైలో షిజువోకలో జరిగిన బాణసంచా పండుగలో ఒక బండి దగ్గర అమ్మిన చల్లని దోసకాయల వల్ల 500 మందికి పైగా ఓ157 అనే, తీవ్రమైన విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా బారిన పడ్డారు. వేడి తగలని పదార్థాలను నేను అప్పటి నుంచీ కొనడం లేదు. శాకాహారులకు ఇంకో చిక్కు ఉంది: తకోయాకి పిండిలోనే చాలాసార్లు చేపల రసం కలిపి ఉంటుంది కాబట్టి, ఆక్టోపస్ వద్దన్నా అది శాకాహారం కాదు. సోయాసాస్ పూసి నిప్పుల మీద కాల్చే మొక్కజొన్న పొత్తు వారికి నయం, అయినా ఆ సాస్‌లో ఏం కలిపారో అడిగి తెలుసుకోవాలి.

ఒసాకా సభ్యురాలు:
దోసకాయల విషయంలో మీతో ఏకీభవిస్తాను. నేను కూడా పెనం మీద అప్పటికప్పుడు చేస్తున్న బండినే ఎంచుకుంటాను. ముందే చేసి పేర్చిన పెట్టెలు కనిపిస్తే, ధర తక్కువైనా, పక్క బండికి వెళ్తాను.