వేసవి సంగీత సాయంత్రం ప్లానింగ్: ఈసారి కరోకే కాదు, ఈ కాలపు క్లాసికల్

కల్చరల్ టీమ్

అందరికీ నమస్కారం. త్యాగరాజ ఆరాధన బాగా జరిగింది, పనిచేసిన అందరికీ మరోసారి థాంక్స్. ఇక వేసవి సంగీత సాయంత్రం సంగతి చూద్దాం. ఎప్పటిలాగే సినిమా పాటల కరోకే పెట్టేస్తే జనం వస్తారు, ఏ గొడవా ఉండదు. అయినా ఈసారి వేరేది చేద్దామని నా కోరిక.

మనం బే ఏరియాలో ఇన్నేళ్లుగా ఉంటున్నాం. పాశ్చాత్య క్లాసికల్ సంగీతం ఒక పెద్ద మలుపు తిరిగింది ఇక్కడే. అమెరికా కంపోజర్ టెర్రీ రైలీ రచన 'ఇన్ సి'ని మొదటిసారి వాయించింది 1964 నవంబరులో, శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటర్‌లో. ఆ రోజు వాయించినవాళ్లలో ఇంకో కంపోజర్ స్టీవ్ రైష్ కూడా ఉన్నారు. ఆయన చదివింది ఓక్లండ్‌లోని మిల్స్ కాలేజీలో. కంపోజర్ జాన్ ఆడమ్స్ ఉండేది బర్క్‌లీలో. క్రోనోస్ క్వార్టెట్ (వయొలిన్, వియోలా, చెల్లో వాయించే నలుగురి బృందం) మన శాన్‌ఫ్రాన్సిస్కోదే. రైలీ అయితే 1970 నుంచి హిందుస్తానీ గాయకుడు, కిరాణా ఘరానా పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం చేశారు. ఇంత దగ్గర్లో ఇంత జరిగితే మన ప్రోగ్రాముల్లో వీళ్ల ఊసే ఉండదు. 'ఇన్ సి' మనమే కలిసి వాయిద్దాం, పిల్లలు, పెద్దలు, ఏ వాద్యం ఉన్నా చేరొచ్చు. రెండు గంటలు చాలు. ఏమంటారు?

ఫుడ్ టీమ్

అక్కా, ఆలోచన బాగుంది కానీ నాకు టెన్షన్‌గా ఉంది. వేసవిలో అందరి అమ్మానాన్నలూ ఇండియా నుంచి వస్తారు. మోడరన్ మ్యూజిక్ అని చెప్పి రెండు గంటలు కుర్చీలకు కట్టేస్తే మా మిర్చి బజ్జీలు కూడా కాపాడలేవు. ఒకసారి మా ఆయన తీసుకెళ్లిన కచేరీలో ఒకాయన పియానో ముందు ఊరికే కూర్చుని లేచిపోయాడు.

కల్చరల్ టీమ్

అది అమెరికా కంపోజర్ జాన్ కేజ్ 1952లో రాసిన ముక్క అయ్యుంటుంది, నాలుగు నిమిషాల ముప్ఫై మూడు సెకన్లు. దాన్ని మన దగ్గర పెట్టను, పిల్లల అల్లరికి అంతసేపు నిశ్శబ్దం కుదరదు కూడా. ఆయనదే ఇంకొకటి ఉంది, 'సొనాటాస్ అండ్ ఇంటర్లూడ్స్', 1946-48 మధ్య రాసింది. పియానో తీగల మధ్య స్క్రూలు, బోల్టులు, రబ్బరు ముక్కలు ఇరికించి వాయిస్తారు. మన నవరసాలను పట్టుకుని అల్లింది. ఇంట్లో వినండి, చాలా బాగుంటుంది. హాలు పియానోలో మాత్రం ఎవరూ స్క్రూలు పెట్టకండి, డిపాజిట్ పోతుంది.

నా ఉద్దేశం ఉపన్యాసం కాదు. మనవాళ్లకు హార్మొనీ, సొనాటా ఫారం అని మొదలుపెడితే ఎవరూ వినరు. తాళం వేయడం, స్వరం పట్టుకోవడం మన పిల్లలకు వచ్చు, పెద్దవాళ్లకు చెవికి తెలుసు. ఆ గుమ్మంలోంచే లోపలికి తీసుకెళ్దాం. అందుకే మొదటి ఐటమ్ రైష్ 'క్లాపింగ్ మ్యూజిక్', 1972 నాటిది. వాద్యాలే అక్కర్లేదు, రెండు జతల చేతులు చాలు. మృదంగం మాస్టారూ, మీరొకసారి చూసి చెప్పండి.

మృదంగం క్లాసు

చూశానండి. భలే ఉంది. పన్నెండు మాత్రల ముక్క ఒక్కటే. మూడు చప్పట్లు, ఖాళీ, రెండు చప్పట్లు, ఖాళీ, ఒకటి, ఖాళీ, రెండు, ఖాళీ. మన భాషలో చెప్పాలంటే "తకధిమి తకిట తక తకిట", ప్రతి జతిలో చివరి అక్షరం మింగేయాలి. రూపక తాళం రెండు ఆవర్తనాల్లో సరిగ్గా సరిపోతుంది. మొదటి గ్రూపు చివరిదాకా ఇదే వేస్తుంది. రెండో గ్రూపు కొన్ని ఆవృత్తుల తర్వాత ఒక్క మాత్ర ముందుకు జరుగుతుంది. మళ్లీ కొన్ని, మళ్లీ ఒక్క మాత్ర. అలా పన్నెండుసార్లు జరిగి మొదటి చోటికే వచ్చి ఇద్దరూ కలుస్తారు. మన ముక్తాయింపు (ముగింపు జతులు) సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చినప్పుడు ఉండే హాయి ఉంది చూశారా, అదే.

స్కోరులో ఒక్కో స్థానం పన్నెండుసార్లు వేయమని ఉంది. పిల్లలకు నాలుగుసార్లకు తగ్గిస్తాను. సీనియర్లను కదలని గ్రూపులోనే పెడతాను. పక్కవాళ్లు జరుగుతుంటే తెలియకుండానే చెయ్యి వాళ్ల వెంట పోతుంది, నాకే పోయింది. ఇంకో మాట, తల ఊపకుండా, కాలితో తాళం వేయకుండా చేయమంటాను. మొదటి క్లాసులోనే తెలిసిపోతుంది ఎవరు నిలబడతారో.

రైష్ గారు 1970లో ఘానా వెళ్లి అక్కడి డ్రమ్ములు నేర్చుకున్నారట కదా. వింటుంటే తెలుస్తోంది.

ట్రెజరర్

ఖర్చు? ఇవన్నీ కాపీరైట్ ఉన్నవే. స్కోరు కొనాలి, ప్రదర్శనకు అనుమతి చూడాలి. హాలుకు ఆస్కాప్, బీఎంఐ (కంపోజర్ల తరఫున రాయల్టీలు వసూలు చేసే సంస్థలు) లైసెన్సులు ఉన్నాయో లేదో నేను కనుక్కుంటాను. జిరాక్స్ తీసి పంచే పని పెట్టుకోకండి దయచేసి.

కల్చరల్ టీమ్

సరేనండి, మీరన్నట్టే. ఖర్చు లేనిది కూడా ఒకటి ఉంది. క్రోనోస్ వాళ్లు కుర్ర క్వార్టెట్ల కోసం యాభై కొత్త రచనలు రాయించి, స్కోర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. అందులో జాకిర్ హుస్సేన్ గారిది 'పల్లవి' అని ఉంది. మన పిల్లలు స్కూలు ఆర్కెస్ట్రాల్లో వయొలిన్, చెల్లో వాయిస్తున్నారు, వాళ్లను ఇంతవరకు ఎవరూ స్టేజి మీదకు పిలవలేదు. నలుగురు దొరికితే ఇది పెడదాం. దొరక్కపోతే ఒత్తిడి చేయొద్దు, తేలికైన రచన కాదు.

పెద్దవాళ్ల కోసం ఆర్వో పార్ట్. ఎస్టోనియా ఆయన, 'ష్పీగల్ ఇమ్ ష్పీగల్' 1978లో రాశారు. ఒక వయొలిన్, ఒక పియానో, అంతే. వయొలిన్ మెల్లగా ఒక్కో స్వరం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, పియానో కింద సగప లాంటి మూడు స్వరాల చుట్టే తిరుగుతుంది. తంబూరా ముందు కూర్చుని సరళీ స్వరాలు సాధన చేస్తున్నట్టు ఉంటుంది వినడానికి. ఫుడ్ టీమ్, మీ అత్తగారికి ముందే వినిపించి చూడండి.

సౌండ్ టీమ్

పార్ట్ ఐటమ్‌కి ఏసీ ఆపాలి. ఆ హాల్లో ఏసీ గుర్రుమంటుంది, నిరుడు వీణ కచేరీకి మైకులో అదే వినపడింది. పది నిమిషాలు ఆపితే ఉక్కపోత భరించగలరు కదా? వంటింటి తలుపు కూడా మూయాలి.

వీణ క్లాసు

'ఇన్ సి' గురించి రాస్తున్నాను. పిల్లలు, పెద్దలు, ఏ వాద్యం ఉన్నా చేరొచ్చు అన్నది నిజమే. మొత్తం 53 చిన్న ముక్కలు. ఎవరికి వారు ఒక్కో ముక్క ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వాయించి ముందుకు పోవచ్చు, మిగతావాళ్లకు రెండు మూడు ముక్కల దూరంలో ఉంటే చాలు. పియానో మీద ఒకరు పై షడ్జాన్ని ఆగకుండా కొడుతూ ఉంటారు. పూర్తిగా వాయిస్తే గంట దాటొచ్చు, కాబట్టి మనం ముప్పావు గంట అనుకుని గడియారం చూసుకుంటూ నడపాలి.

శ్రుతి దగ్గర జాగ్రత్త. అందరూ ఒకటి శ్రుతికి, అంటే పాశ్చాత్యుల 'సి'కి, రావాలి. వయొలిన్ పిల్లలు తీగలు సరిచేసుకుంటే సరి. వీణను ఒకటికి దించితే తీగలు వదులై బుర్రుమంటాయి. దించొద్దు, 24 మెట్లలో అన్ని స్వరస్థానాలూ ఉన్నాయి, మెట్టు మారిస్తే చాలు. నేను 53 ముక్కలకూ స్వరాలు రాస్తున్నాను. మొదటిది చూస్తే మీకే నవ్వొస్తుంది: సగ, సగ, సగ. అంతే. శంకరాభరణంలో మొదలవుతుంది, కాసేపటికి ప్రతిమధ్యమం (హెచ్చు 'మ') తగిలి కల్యాణి వాసన వస్తుంది. చివరికొచ్చేసరికి కైశికి నిషాదం (తగ్గు 'ని'), హరికాంభోజి వైపు మళ్లుతుంది. ఆఖరి ముక్కలో మిగిలేవి రెండే స్వరాలు, ప, ని.

ఫుడ్ టీమ్

పార్ట్ వినిపించాను. మా అత్తగారు కళ్లు మూసుకుని విని, "ఇందులో పాట ఎప్పుడు మొదలవుతుంది?" అన్నారు. కానీ మళ్లీ పెట్టమన్నారు కూడా.

ఒక సందేహం. మొత్తం వాళ్లదేనా? మనవైనవి ఏమీ లేవా?

కల్చరల్ టీమ్

ఉన్నాయి. అమెరికా కంపోజర్ ఫిలిప్ గ్లాస్ 'సత్యాగ్రహ' ఆపెరా 1980లో రోటర్‌డామ్‌లో మొదటిసారి ఆడింది. దక్షిణాఫ్రికాలో గాంధీగారి కథ, పాడేది మొత్తం భగవద్గీత శ్లోకాలు, సంస్కృతంలోనే. చివరి పాట "బహూని మే వ్యతీతాని జన్మాని". గాంధీ పాత్రధారి ఒకే ఆరోహణను మళ్లీ మళ్లీ పాడుతూ ఉంటాడు. రికార్డింగ్ వేసి, శ్లోకాన్ని తెలుగు లిపిలో తెర మీద చూపిద్దాం. గ్లాస్‌వన్నీ ఒకేలా ఉంటాయని మా ఇంట్లో వాదన, సగం ఒప్పుకుంటాను కానీ ఈ పాట దగ్గర కాదు.

వీణ క్లాసు

ఆ ఆరోహణ మన హనుమతోడి మేళమే, అంటే తోడి రాగం స్వరాలే! కానీ గమకం లేని తోడి తోడి కాదు, ఇది నేను స్టేజి మీద చెప్పి తీరతాను.

కల్చరల్ టీమ్

చెప్పండి, రెండు నిమిషాలు మీవి. మెసియన్ గురించి కూడా రెండు ముక్కలు నేను చెబుతాను. 'సంగీత రత్నాకరం' రాసిన శార్ఙ్గదేవుడి దేశీ తాళాల పట్టిక పట్టుకుని జీవితాంతం పనిచేసిన ఫ్రెంచి కంపోజర్. 1941లో జర్మన్ యుద్ధఖైదీల శిబిరంలో మొదటిసారి వాయించిన ఆయన 'క్వార్టెట్ ఫర్ ది ఎండ్ ఆఫ్ టైమ్' మొదటి భాగంలో పియానో వాయించే లయ రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ తాళాలదే. ఆ లయలో 17 నిడివులు, వాటి మీద తిరిగేవి 29 స్వరగుచ్ఛాలు, రెండూ మళ్లీ ఒకచోట కలవకముందే ఆ భాగం అయిపోతుంది. మూడు నిమిషాల పైన వేయను. లాస్ ఏంజెలెస్‌లో ఉండే రీనా ఎస్మాయిల్ 2016లో రాసిన 'దిస్ లవ్ బిట్వీన్ అజ్' నుంచి ఒక భాగం వేద్దాం, కోరస్, ఆర్కెస్ట్రాలతో పాటు సితారు, తబలా ఉంటాయి. ఆడమ్స్ 'షార్ట్ రైడ్ ఇన్ ఎ ఫాస్ట్ మెషిన్' నాలుగు నిమిషాలే, జనం లోపలికి వస్తుండగా పెట్టడానికి బాగుంటుంది.

ఇక మనవాళ్లంటే ముందు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారే. ఆయన్ని గాయకుడిగానే తలుచుకుంటాం, 72 మేళకర్త (జనక) రాగాల్లోనూ కృతులు చేసిన వాగ్గేయకారుడాయన. ఆయన మహతి రాగంలో నాలుగే స్వరాలు: స గ ప ని, అదీ కైశికి నిషాదం. వీణ టీచర్ గారి పోస్టు చదివాక తట్టింది. 'ఇన్ సి' చివర్లో ఒక్కొక్కరే ఆపేస్తూ ప, ని మాత్రమే మిగిలినప్పుడు, పియానో షడ్జం ఆపకుండా, దానిమీదే మహతి ఆలాపన ఎత్తుకుంటే?

మృదంగం క్లాసు

అబ్బ! నేను వాయిస్తాను. ఇప్పుడే రాసుకోండి.

వీణ క్లాసు

బాగుంటుంది. కాకపోతే ఒకటి శ్రుతిలో పాడాలి. మన గాయనులంతా అయిదు, అయిదున్నర వాళ్లు. మగ గొంతు కావాలి.

సౌండ్ టీమ్

మా నాన్నగారు ఒకటిన్నరలో పాడతారండి. వచ్చే నెల వస్తున్నారు. ఒకటికి దిగుతారేమో ఈ రాత్రే ఫోన్ చేసి అడుగుతాను. ఆలాపన ఎంతసేపు అనుకోవాలి?

కల్చరల్ టీమ్

అయిదు నిమిషాలు అని చెప్పండి. ఎనిమిది పాడతారు, దానికీ లెక్క వేసే ఉంచుతాను.