సైబర్ సెక్యూరిటీ మీద ఖర్చు దండగా? దెబ్బ తగిలాక కట్టుకుంటేనే చవకా? (కోపాలొద్దు, లెక్కలు మాట్లాడదాం)

లెక్కల_పిచ్చి:
ముందే చెప్తున్నా, నేను ఫైనాన్స్ వైపు మనిషిని, ఐటీ కాదు. ప్రతి బడ్జెట్ మీటింగ్‌లో సెక్యూరిటీ టీం వచ్చి అదే స్లైడ్ వేస్తుంది, ఒక్క బ్రీచ్ (డేటా చోరీ) అంటే సగటున 48.8 లక్షల డాలర్లు (ఐబీఎం 2024 రిపోర్టులో లెక్క అది), కాబట్టి మాకు ఇంత ఇవ్వండి అని. సరే నిజమెంతో చూద్దామని పాత కేసులు తిరగేశా. టార్గెట్ స్టోర్స్‌లో 2013లో 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి, ప్రపంచమంతా గోల. తర్వాత వాళ్లు తమ ఏడాది రిపోర్టుల్లో చూపించుకున్న ఖర్చు 29.2 కోట్ల డాలర్లు, అందులో 9 కోట్లు ఇన్సూరెన్స్ ఇచ్చింది, చేతి నుంచి పోయింది 20.2 కోట్లు. ఏడాదికి 7,000 కోట్ల డాలర్ల పైన అమ్మే కంపెనీకి అది 0.3 శాతం కూడా కాదు, అదీ కొన్నేళ్ల మీద.

ఇదొక్కటే అయితే పోనీలే అనుకునేవాణ్ణి. 2016లో రాండ్ సంస్థ పరిశోధకుడొకాయన 12,000కు పైగా ఘటనలు తీసుకుని లెక్కేస్తే మామూలుగా ఒక్కోదానికి అయ్యేది 2 లక్షల డాలర్ల లోపే, కంపెనీ ఆదాయంలో 0.4 శాతం. షాపుల్లో సరుకు పోవడం వల్ల వచ్చే నష్టమే 1.3 శాతం అని అదే పేపర్లో ఉంది. మరి గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? వచ్చినప్పుడు కట్టుకుంటే సరిపోదా? తిట్టకుండా చెప్పండి.

రాత్రి_డ్యూటీ:
తిట్టకుండా అంటే కష్టమే గానీ ట్రై చేస్తా.
అన్నా, డెన్మార్క్ ఓడల కంపెనీ మెర్స్క్ సంగతి చూశావా లేదా? 2017 జూన్ 27, నాట్‌పెట్యా అనే వైరస్. వాళ్ల మీద ఎవడికీ పగ కూడా లేదు, ఉక్రెయిన్‌లో పన్నులు కట్టడానికి వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూరి వచ్చింది, అంతే. 4,000 సర్వర్లు, 45,000 పీసీలు మళ్లీ మొదట్నించి ఎక్కించారు, పది రోజుల్లో. ఈ లెక్క వాళ్ల ఛైర్మనే దావోస్‌లో చెప్పాడు. ఆ పది రోజులూ ఓడలు వస్తూనే ఉన్నాయి, పోర్టుల్లో ఏ కంటైనర్‌లో ఏముందో తెలీదు, కాగితాల మీద రాసుకున్నారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు అన్నారు. అసలు కథ ఏంటంటే యూజర్ల వివరాలన్నీ ఉండే డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతా పోయాయి, ఒక్కటి మాత్రం ఘనా ఆఫీసులో బతికింది, ఎందుకంటే దాడి టైంకి అక్కడ కరెంటు లేదు. కరెంటు కోత వల్ల బతికిన కంపెనీని చూపించి సెక్యూరిటీ దండగ అంటే ఏం చెప్పను. నీ 0.4 శాతంలో ఆ పది రాత్రులు ఏ కాలమ్‌లో ఉన్నాయో కాస్త చెప్పు.

లెక్కల_పిచ్చి:
ఓవర్‌టైం కాలమ్‌లో ఉంటాయి 🙂 అయినా మెర్స్క్ ఇప్పటికీ ఓడలు నడుపుతోందిగా.

రాత్రి_డ్యూటీ:
ఓవర్‌టైం అట. మా వాళ్లకి కాంప్-ఆఫ్ కూడా ఇవ్వరు.

సందేహాల_పుట్ట:
ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. లెక్కల గారు "మామూలుగా అయ్యేది" చూపిస్తున్నారు, రాత్రి గారు అన్నిటికంటే పెద్దది చూపిస్తున్నారు, సెక్యూరిటీ టీం స్లైడ్‌లో సగటు. ఈ మూడూ ఒకదానితో ఒకటి కొట్టుకోవు, ఎందుకంటే ఈ నష్టాలు వర్షంలా అందరి మీదా సమానంగా పడవు, వందలో తొంభై మందికి చినుకు, ఒకడికి వరద. ఒక్క వరద చాలు సగటుని పైకి ఎత్తేయడానికి. అందుకే సగటు చూసి భయపడటమూ తప్పే, మామూలు కేసు చూసి ధైర్యంగా ఉండటమూ తప్పే.

ఇంకోటి, భయపెట్టే అంకెల్ని నేనూ నమ్మను. 2009లో యాంటీవైరస్ అమ్మే మెకఫీ వాళ్లు సైబర్ నేరాల వల్ల ప్రపంచ నష్టం లక్ష కోట్ల డాలర్లు అన్నారు, నాయకులు కూడా స్పీచుల్లో వాడేశారు. 2014లో అదే మెకఫీ డబ్బులతో చేసిన ఇంకో రిపోర్టులో 37,500 నుంచి 57,500 కోట్ల మధ్య అని దిగారు. ఐదేళ్లలో నేరాలు సగమయ్యాయా ఏంటి? తాళాలు అమ్మేవాణ్ణి ఊళ్లో దొంగలెంతమంది అని అడిగితే తక్కువ చెప్తాడా.

బీమా_బల్ల:
నేను క్లెయిమ్స్ చూస్తాను. "9 కోట్లు ఇన్సూరెన్స్ ఇచ్చింది" అని లెక్కల గారు సింపుల్‌గా అనేశారు కాబట్టి రాస్తున్నా.

మెర్క్ అనే మందుల కంపెనీకి అదే నాట్‌పెట్యాలో దెబ్బ తగిలింది, క్లెయిమ్ 140 కోట్ల డాలర్లు. ఇన్సూరెన్స్ కంపెనీలు ఏమన్నాయంటే ఇది రష్యా సైన్యం పని, అంటే యుద్ధం, పాలసీలో యుద్ధ నష్టానికి కవర్ లేదు, పైసా ఇవ్వం అని. న్యూజెర్సీ కోర్టులో మెర్క్ మొదట గెలిచింది, అప్పీల్లో 2023లో మళ్లీ గెలిచింది, ఆఖరికి 2024 జనవరిలో రాజీ. దాడి జరిగింది 2017లో. ఆరున్నరేళ్లు. చాక్లెట్లూ బిస్కెట్లూ చేసే మాండెలీజ్‌ది కూడా ఇదే కథ, 10 కోట్ల క్లెయిమ్, 2022లో రాజీ. ఈ కేసులు నడుస్తుండగా మావాళ్లు ఊరుకున్నారా, లండన్ లాయిడ్స్ ఇన్సూరెన్స్ మార్కెట్‌లో 2023 మార్చి 31 నుంచి దేశాలు వెనకుండి చేయించే, ఒక దేశం నడకనే దెబ్బతీసేంత పెద్ద సైబర్ దాడులకి కవర్ ఉండదని విడిగా సైబర్ పాలసీల్లో రాయాల్సిందే అని రూల్ పెట్టారు. ఇక ప్రీమియం ఫారంలో మొదటి ప్రశ్నే ఎంఎఫ్ఏ ఉందా, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కి వచ్చే రెండో చెక్. లేకుండా ఉందని టిక్ పెడితే క్లెయిమ్ రోజు దొరికిపోతారు. కాబట్టి ఖర్చు పెట్టకుండా ఇన్సూరెన్స్ మీద ఆధారపడదాం అనే దారి ఇప్పుడు లేదు, ఆ దారికి గేటే సెక్యూరిటీ.

లెక్కల_పిచ్చి:
ఇది నాకు కొత్త. యుద్ధం క్లాజు మా పాలసీలో చూడాలి రేపు.
సరే, కానీ షేర్ల సంగతి? ఈక్విఫ్యాక్స్ (జనం అప్పుల రికార్డులు ఉంచే అమెరికా కంపెనీ) షేరు 2017లో డేటా పోయాక మూడో వంతు పడింది, రెండేళ్లు తిరిగేసరికి దాదాపు పాత రేటుకి వచ్చేసింది. మార్కెట్టే పట్టించుకోనప్పుడు నేనెందుకు పట్టించుకోవాలి?

పాత_కస్టమర్:
ఇదిగో ఇక్కడే నాకు మండుతుంది. మీరందరూ "కంపెనీకి ఎంత అయింది" అనే లెక్కేస్తున్నారు, పోయింది ఎవరిది? ఈక్విఫ్యాక్స్‌లో 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ మనుషుల్లో చాలామంది దాని కస్టమర్లు కూడా కాదు, వాళ్లు అడక్కుండానే వాళ్ల అప్పుల చిట్టా ఆ కంపెనీ దగ్గర ఉంది. వాళ్లు వాడే అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌లో కన్నానికి ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) మార్చిలోనే వచ్చింది, దొంగలు దూరింది మేలో, మధ్యలో రెండు నెలలు ఎవరూ వెయ్యలేదు. తర్వాత 70 కోట్ల డాలర్ల దాకా సెటిల్‌మెంట్ అన్నారు, మనిషికి 125 డాలర్లు అన్నారు, తీరా అందరూ అడిగేసరికి ఆ పద్దు కింద పక్కన పెట్టింది 3.1 కోట్లే కాబట్టి అంత రాదు అని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పోయింది జనం వివరాలు, తేలిగ్గా బయటపడింది కంపెనీ. చవకే మరి, ఎందుకు చవక్కాదు!

సందేహాల_పుట్ట:
పాత_కస్టమర్ గారు చెప్పిందే ఈ థ్రెడ్‌లో అసలు పాయింట్ అని నా అభిప్రాయం. లెక్కల గారి లెక్క తప్పు కాదు, ఆయన ఒకే జేబు లెక్కేశారు. 2025లో జాగ్వార్ ల్యాండ్ రోవర్ చూడండి, ఐదు వారాలు కార్ల తయారీ ఆగింది, బ్రిటన్‌లో సైబర్ మానిటరింగ్ సెంటర్ వేసిన అంచనా 190 కోట్ల పౌండ్లు, అందులో పార్టులు సప్లై చేసే చిన్న కంపెనీలు, డీలర్లు కలిపి 5,000కు పైగా సంస్థలు ఉన్నాయి. ఆ సప్లయర్ల ఫైర్‌వాల్ ఎంత గట్టిదైతే ఏం లాభం, ఆర్డరే లేదు. అమెరికాలో వైద్యం బిల్లులు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ ఇంకా ఘోరం, 2024 ఫిబ్రవరిలో ఎంఎఫ్ఏ లేని ఒక రిమోట్ పోర్టల్ లోంచి దూరారు, ఈ మాట మాతృసంస్థ సీఈఓనే అమెరికా సెనేట్ ముందు ఒప్పుకున్నాడు. దాడి వెనకున్న ముఠాకి 2.2 కోట్ల డాలర్లు కట్టారు, ఆ ముఠా పెద్దలు డబ్బు తీసుకుని దుకాణం మూసేశారు, నిజంగా దాడి చేసినవాడికి వాటా రాలేదు, డేటా వాడి దగ్గరే ఉంది, మళ్లీ బెదిరింపు మొదలు. మందుల షాపులూ క్లినిక్‌లూ బిల్లులు రాక అల్లాడాయి.

రాత్రి_డ్యూటీ:
దొంగల్లో కూడా పేమెంట్ పెండింగ్ 😂

చిన్న_యజమాని:
పెద్ద కంపెనీలు బతుకుతాయి సార్, మా సంగతేంటి. బ్రిటన్‌లో కేఎన్‌పీ అని లారీల కంపెనీ, 158 ఏళ్ల చరిత్ర, 2023లో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే దాడి) తగిలి మూతబడింది, 700 మంది రోడ్డున పడ్డారు. ఇన్సూరెన్స్ ఉందట వాళ్లకి. ఒక ఉద్యోగి వీక్ పాస్‌వర్డ్ కనిపెట్టి దూరారని అంటున్నారు. 0.4 శాతం అనేది 7,000 కోట్ల కంపెనీకి వర్తిస్తుందేమో, నా దగ్గర రెండు నెలల జీతాలకి సరిపడా కూడా క్యాష్ ఉండదు, రెండు వారాలు బిల్లింగ్ ఆగితే శాతాలు లెక్కేసుకోవడానికి నేనుండను. కానీ నాకు సలహాలిచ్చే వాళ్లందరూ పెద్ద టూల్స్ కొనమంటారు. లైసెన్స్ రేటు చూస్తే దొంగే నయం అనిపిస్తుంది.

వోచర్_అమ్మాయి:
నేను అకౌంట్స్‌లో చేస్తాను, ఎప్పుడూ చదవడమే గానీ రాయను, ఇది చూసి ఆగలేకపోయా. మా పాత ఆఫీసులో హ్యాకింగ్ ఏమీ జరగలేదు, ఒక మెయిల్ వచ్చింది అంతే. ఏళ్ల తరబడి సరుకు ఇచ్చే సప్లయర్ పేరు మీద, మా బ్యాంకు అకౌంట్ మారింది ఇకపై ఇందులో వెయ్యండి అని, పాత మెయిల్స్ కింద అన్నీ అలాగే ఉన్నాయి, సంతకం అదే, అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా. నెలాఖరు, మేనేజర్ త్వరగా త్వరగా అంటున్నారు, నేను వేసేశా. మూడు వారాల తర్వాత అసలు సప్లయర్ ఫోన్ చేసి డబ్బేదమ్మా అంటే నా కాళ్లు వణికాయి. డబ్బు రాలేదు. తప్పు నాదే అన్నారు. అదే ఏడాది ఆ ఆఫీసులో కొత్త సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కొన్నారు, దానికి ఈ మెయిల్ మామూలు మెయిలే, పట్టుకోవడానికి వైరస్ ఉంటేగా.

తర్వాత చదివితే తెలిసింది, ఎఫ్‌బీఐకి 2023లో వచ్చిన ఫిర్యాదుల్లో ఇలాంటి మెయిల్ మోసాల నష్టమే 290 కోట్ల డాలర్లట, రాన్సమ్‌వేర్ కింద చెప్పుకున్నది 6 కోట్లే. (పని ఆగిన నష్టం అందులో కలపలేదని వాళ్లే రాశారు, అది వేరే సంగతి.) దీనికి మందు ఏ టూలూ కాదు, అకౌంట్ మారిందంటే మన దగ్గర పాత ఫైల్లో ఉన్న నంబరుకి ఒక ఫోన్. మెయిల్లో ఉన్న నంబరుకి కాదు. ఇప్పుడు చేసే చోట ఆ ఫోన్ చేయకుండా ఎవరు తొందరపెట్టినా వెయ్యను, సీఈఓ అయినా సరే.

లెక్కల_పిచ్చి:
వోచర్ గారూ, తప్పు మీది కాదండీ. ఒక్క మనిషి ఒక్క మెయిల్ చూసి అంత డబ్బు పంపగలిగేలా పెట్టినవాడిది, అంటే నాలాంటి వాడిది.

చాలా విన్నాను, కొంత దిగుతున్నా, మొత్తం కాదు. మేరీలాండ్ యూనివర్సిటీలో గోర్డన్, లోబ్ అని ఇద్దరు 2002లో ఒక మోడల్ ఇచ్చారు, వాళ్లు తీసుకున్న ఫార్ములాల్లో అయితే జరగొచ్చనుకునే నష్టంలో సుమారు 37 శాతానికి మించి సెక్యూరిటీ మీద పెట్టడం గిట్టుబాటు కాదు. సున్నా అనలేదు, అడిగినంతా ఇమ్మనీ అనలేదు. నేను నిలబడేది అక్కడ.

రాత్రి_డ్యూటీ:
37 బాగానే ఉంది, దేంట్లో 37? ఆ "జరగొచ్చనుకునే నష్టం" అంకె ఎవడు చెప్తాడు నీకు? దున్నపోతు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు, ముందు ఆ అంకె ఎక్కడిదో చూడు.

పైగా డబ్బు పెట్టడమే పాయింట్ అయితే నీ టార్గెట్ కేసే చూడు. దాడికి ముందే 16 లక్షల డాలర్లు పెట్టి ఫైర్‌ఐ టూల్ కొన్నారు, అది కరెక్టుగా అలారం కొట్టింది కూడా, చూసినవాళ్లు ఏమీ చేయలేదు. దూరింది ఏసీ రిపేర్ల కాంట్రాక్టర్ లాగిన్‌తో. అటు అమెరికాలో పెట్రోలు పంపే కొలోనియల్ పైప్‌లైన్‌లో 2021లో దూరింది ఎవరూ వాడని పాత వీపీఎన్ (బయట్నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) అకౌంట్‌తో, ఎంఎఫ్ఏ లేదు. దొంగలకి 44 లక్షల డాలర్లు కట్టి ఫైళ్లు విప్పే తాళంచెవి తెచ్చుకుంటే అది ఎంత స్లో అంటే చివరికి సొంత బ్యాకప్ నుంచే ఎక్కించుకున్నారు. అంటే నేను అడిగేది ఎక్కువ డబ్బు కాదన్నా. పాత అకౌంట్లు తీసెయ్యడానికి ఒక మనిషి, అలారం కొడితే లేచే ఇంకో మనిషి. టూల్‌కి సంతకం పెడతారు, మనిషిని అడిగితే హెడ్‌కౌంట్ ఫ్రీజ్ అంటారు.

చిన్న_యజమాని:
మనిషి అయితే నాకూ గిట్టుతుందేమో, సగం రోజు వచ్చేవాడైనా.

లెక్కల_పిచ్చి:
హెడ్‌కౌంట్ ఫ్రీజ్ మెయిల్ పెట్టింది నేనే. సరే చూస్తా.

రాత్రి_డ్యూటీ:
ఒక్కటి చెయ్యి చాలు. మీ సెక్యూరిటీ టీంని స్లైడ్ పక్కన పెట్టి ఒకటే అడుగు, బ్యాకప్ నుంచి మొత్తం బిల్లింగ్ సిస్టం చివరిసారి ఎప్పుడు ఎక్కించి చూశారు, ఎన్ని గంటలు పట్టింది అని. బ్యాకప్ తీశారా అని కాదు. ఎక్కించి చూశారా అని.

లెక్కల_పిచ్చి:
(రెండు రోజుల తర్వాత) అడిగా. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 2021లో ఎవరో చేశారట, ఆయన ఇప్పుడు కంపెనీలో లేడు. ఈ ఆదివారం టెస్ట్ సర్వర్ మీద పెట్టుకున్నాం, నన్ను కూడా కూర్చోమన్నారు.

రాత్రి_డ్యూటీ:
ఓవర్‌టైం ఏ కాలమ్‌లో రాస్తున్నావ్?