ఇతివృత్తం అంటే కథలో జరిగిందా, కథ దేని గురించా?

బ్రాడీపేట నాన్న:
మా అమ్మాయి డిగ్రీ మొదటి ఏడాది. మొన్న తెలుగు పరీక్షలో ఓ కథ పేరిచ్చి 'ఇతివృత్తం రాయండి' అన్నారు. పిల్ల కథంతా వరసగా రాసుకొచ్చింది. అయిదుకి ఒకటి వేశారు. 'వరకట్న సమస్య' అని రాసి నాలుగు ముక్కలు వివరించాలట. మా రోజుల్లో ఇతివృత్తమంటే కథే. ఎవరిది ఒప్పు?

పాతపాఠం:
అమ్మాయిదే. నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఇతివృత్తాన్ని నాటకానికి శరీరమన్నాడు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని అయిదు సంధులూ, అంటే కథ సాగే దశలూ, ఆ శరీరానివే. వరకట్నానికి గర్భసంధి ఎక్కడుంటుందండీ?

కృష్ణలంక కుర్రోడు:
పేపర్లు దిద్దేది భరతుడు కాదు కద్సార్. 'కులాంతర వివాహం ఇతివృత్తంగా తీసిన సినిమా' అని రోజూ చదువుతూనే ఉన్నాం. జనం వాడిందే అర్థం.

పాతపాఠం:
దానికి 'వస్తువు' ఉందిగా!

అరండల్‌పేట ట్యూషన్:
తిరకాసంతా ఆ వస్తువుతోనే, పాతపాఠం గారూ. మీరు నమ్మే సంప్రదాయంలోనే ధనంజయుడు దశరూపకంలో వస్తువు, నేత (కథానాయకుడు), రసం అనే మూడింటితో రూపకాలను, అంటే నాటకాల రకాలను, వేరుచేశాడు. అక్కడ వస్తువంటే ఇతివృత్తమే. ఇప్పటి విమర్శలో 'వస్తువు, శిల్పం' అని జంటగా అంటున్నాం, అక్కడ వస్తువంటే థీమ్. వస్తువు అర్థం అలా పక్కకి జరిగితే, ఇతివృత్తం అర్థమూ దాని వెనకే జరిగిందని నా అనుమానం.

మా పిల్లలకి నేను ఇలా చెబుతాను. ఓ రైతు గుంటూరు యార్డుకి ఇరవై టిక్కీల (బస్తాల) మిర్చి తెచ్చాడు. ధర లేదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. వడ్డీ పెరిగింది, ఇంట్లో పుస్తెలు తాకట్టుకెళ్లాయి. ఇది కథ. తాకట్టు కొట్లో మొదలుపెట్టి, వెనక్కి వెళ్లి యార్డు చూపిస్తే అది సంవిధానం. అప్పు మనిషిని ఎలా కుంగదీస్తుందన్నది వస్తువు. 'ఇతివృత్తం' అన్న మాట మాత్రం బోర్డు మీద రాయను, గొడవెందుకని.

కృష్ణలంక కుర్రోడు:
ఈ సంస్కృతం తీసేసి 'కథ నడక', 'కథలో సంగతి' అంటే పోలేదా?

పాతపాఠం:
సంగతి అంటే పాటకచేరీ వాళ్లు మీ మీదికొస్తారు, వాళ్లకది పాటలో ఒకే వరసని మార్చి మార్చి పాడటం. రూపకం సంగతి చూడండి. పద్యంలో అలంకారం, రంగస్థలం మీద నాటకం, తాళాల్లో ఒకటి. 1948లో పెట్టిన మన విజయవాడ రేడియో స్టేషన్ వింటూ పెరిగినవాళ్లకి రేడియో కార్యక్రమం కూడా. అయినా ఎవరూ తికమకపడలేదు, పక్కనున్న మాటే చెప్పేది.

అరండల్‌పేట ట్యూషన్:
పరీక్ష ప్రశ్నకి పక్కమాట ఉండదండీ, అదే తంటా. 'కథాక్రమం రాయండి' అనో, 'కథావస్తువును వివరించండి' అనో అడగొచ్చుగా. అడిగినవాళ్ల తప్పుకి పిల్ల మార్కులు పోయాయి.

బ్రాడీపేట నాన్న:
మరి మళ్లీ ఇదే అడిగితే?

అరండల్‌పేట ట్యూషన్:
మొదటి వాక్యంలో వస్తువు చెప్పేసి, తర్వాత కథ క్లుప్తంగా రాయమనండి. ఎవరు దిద్దినా కొట్టెయ్యలేరు.

బ్రాడీపేట నాన్న:
ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. మార్కుల సంగతి వదిలేసి, ఆ టిక్కీల కథ రైతు కాకుండా కమీషన్ కొట్టు గుమస్తా చెబితే అప్పుడు వస్తువు మారుతుందా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?